రోముకు ఆర్డీ, హంపికి జీతం

మా ఇంట్లో ప్రయాణాలకు రెండు పద్దులు. మా ఆయన ఎంత బతిమాలినా వాటిని కలపనివ్వను.

హంపి, బాదామి, బీజాపూర్ లాంటివి నెల జీతంలోంచే. విజయవాడలో అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి పడుకుంటే హోసపేట. అక్కణ్ణుంచి హంపి. విఠలాలయం టికెట్టు మనవాళ్లకు 40 రూపాయలు. అదే రోజైతే ఆ టికెట్టుతోనే ఏనుగుల శాలలూ చూడొచ్చు. ఖర్చంతా గదికీ ఆటోకీ. ఒకప్పుడు ఎల్టీఏ కింద పన్ను మినహాయింపు ఉండేది: నాలుగేళ్ల బ్లాకులో రెండు ప్రయాణాలకు, అదీ చార్జీలకే, అదీ దేశంలోనే. ఆయన కొత్త పన్ను విధానంలోకి మారాక అది పోయింది. పోతే పోయింది. ఇంటి లోను తీరిపోయాక, రెండు రైలు టికెట్ల కోసం పాత విధానాన్ని పట్టుకు వేళ్లాడతామా?

విదేశం అలా కుదరదు, దానికి ఆర్డీ కట్టాల్సిందే. రోముకు లెక్క వేస్తే, సొమ్ములో సింహభాగం గడప దాటకముందే అయిపోతుందని తేలింది. విమానం టికెట్లు, మనిషికి 90 యూరోల షెంగెన్ వీసా, 30,000 యూరోల కవరేజీతో ప్రయాణ బీమా. ఊళ్లో దిగాక అంత బెడద లేదు. కొలోసియం 18 యూరోలు, ఫోరమ్, పాలటైన్ కొండ అందులోనే. పాంథియాన్‌కు 5. సెయింట్ పీటర్స్ బసిలికాకు టికెట్టు లేదు. సాన్ లుయీజీ చర్చిలో కరవాజ్జో గీసిన మత్తయి చిత్రాల ముందు ఎంతసేపు నిలబడ్డా అడిగేవాళ్లు లేరు. వీధి కొళాయిల్లో మంచినీళ్లూ ఉచితమే. ఇంకో రోజు ఉంటే గది, తిండి, అంతే.

"ఇంత పోసి వెళ్తున్నాం, పారిస్, వెనిస్ కూడా చూసేద్దాం" అన్నారాయన.

"ఊరు మారినప్పుడల్లా మళ్లీ చార్జీలు, సామాన్లతో సగం రోజు గోవిందా. ఇక చూసేదెప్పుడండీ?"

పన్నెండు రోజుల్లో ఎనిమిది దేశాల ప్యాకేజీ కరపత్రం కూడా తెచ్చి ముందు పెట్టారు. ప్యాకేజీకి మొదటి రూపాయి నుంచే టీసీఎస్ పేరుతో పన్ను పడుతుంది. రిటర్నులో సర్దుకోవచ్చు గానీ, అందాకా మన డబ్బు మన దగ్గరుండదు. చివరికి రోములోనే ఉన్నాం. బంధువులు ఇప్పటికీ "ఒక్క ఊరేనా?" అంటారు.

ఆర్డీ గడువు వీసా దరఖాస్తుకు కొన్ని నెలల ముందే తీరేలా చూసుకున్నాం. బ్యాంకు స్టేట్‌మెంటులో డబ్బు నిన్న తెచ్చి వేసినట్టుంటే బాగుండదు కదా. యూరోలు ఫారెక్స్ కార్డులో విడతలుగా వేశాం. రేటు ఎప్పుడు తగ్గుతుందో జోస్యం చెప్పడం మా వల్ల కాదు. అక్కడ మన క్రెడిట్ కార్డు పెడితే మెషీన్ రూపాయల్లోనా, యూరోల్లోనా అని అడుగుతుంది. తెలిసిన అంకె కదా అని చెయ్యి రూపాయల మీదికే పోతుంది. యూరోలే నొక్కాలి, లేకపోతే మారకం రేటు వాళ్లిష్టం.

ఇప్పుడు కడుతున్న ఆర్డీ ఇస్తాంబుల్‌కు. హాగియా సోఫియా చూడటానికి 2024 నుంచి విదేశీ యాత్రికులకు 25 యూరోలు. కొలోసియం కన్నా ఎక్కువా అని ఆయన సణుగుడు. సులేమానియే మసీదుకు టికెట్టే లేదు, రెండూ కలిపి సగటు చూసుకోమన్నాను.