1409

నాన్న ఫోన్ చేసి, "ఒరే, కారుకి ముందు టైర్లు రెండూ మార్పిస్తున్నాన్రా. వెనకవి బానే ఉన్నాయి," అన్నాడు. బానే ఉండడమంటే గ్రిప్పు అరగలేదని.

కారు 1960ల నాటి స్టాండర్డ్ హెరాల్డ్, రెండు తలుపులది. 1974లో తాతయ్య సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. అప్పట్లో మా వీధిలో దాన్ని స్పోర్ట్స్ కారనేవారట. మరీ అబద్ధమేం కాదు. ఇంగ్లండ్‌లో ట్రయంఫ్ వాళ్ళు ఈ హెరాల్డ్ ఛాసిస్‌నే కురచ చేసి 1962లో స్పిట్‌ఫైర్ అనే అసలు సిసలు స్పోర్ట్స్ కారు తీశారు. రెండిటికీ రూపం ఇచ్చింది ఇటలీ డిజైనర్ మిషెలొట్టి. మనకి దక్కింది మద్రాసులో తయారైన ఈ అక్క.

శనివారం పొద్దున గోదావరి ఎక్స్‌ప్రెస్ దిగి, బ్యాగ్ అరుగు మీద పడేసి, ఫోన్ లైటుతో వెనక టైరు పక్కగోడ చూశాను. 1409. అంటే 2009లో పద్నాలుగో వారం తయారైంది. గ్రిప్పు కొత్తదానిలాగే ఉంది. దాని పక్కన ఎండిన చేలో నెర్రెల్లా సన్నటి పగుళ్ళు. తిరగని కారుకి టైరు అరగదు, కానీ రబ్బరు ముసలిదవుతూనే ఉంటుంది. పదేళ్ళు దాటితే వాడొద్దని తయారీదార్లే చెప్తారు. ఈ టైర్ల మీద నాన్న అమ్మని కంటి డాక్టరు దగ్గరికి కాకినాడ తీసుకెళ్తున్నాడు, లారీల మధ్య.

"నాలుగూ మార్చాలి నాన్నా."

"అవి తాతయ్య వేయించినవి రా."

తాతయ్య 2010లో పోయాడు. నాకింకేం మాట రాలేదు.

పాత పుస్తకాల పునర్ముద్రణల గురించి రాసినప్పుడల్లా మూలాన్ని ముట్టుకోకూడదని వాదించినవాణ్ణి నేను. అందుకే మొదట అసలు సైజే వెతికాను: 5.20-13. వెడల్పు 5.20 అంగుళాలు, రిమ్ము 13. క్రాస్‌ప్లై, అంటే లోపలి దారాలు ఏటవాలుగా ఒకదాన్నొకటి దాటుతూ పోతాయి. పాత కార్ల కోసమే ఇలాంటివి చేసేవాళ్ళు విదేశాల్లో ఉన్నారు. ధర చూసి ల్యాప్‌టాప్ మూసేశాను.

మిగిలింది రేడియల్. ఎక్సెల్ షీట్ తెరిచాను. పాత టైరు ఎత్తు దాదాపు 580 మిల్లీమీటర్లు. 155/80 ఆర్13 అయితే 578, అచ్చంగా సరిపోతుంది. కానీ మా రిమ్ము వెడల్పు మూడున్నర అంగుళాలే, దానికి 155 ఎక్కువ. 145/80 రిమ్ముకి నప్పుతుంది, ఎత్తు మాత్రం 562. మీటరు 60 చూపిస్తే నిజంగా వెళ్ళేది 58.

కాకినాడ టైర్ల షాపాయన 145 చూపించి, "ఇది వేగనార్‌కి వేసేదేనండి. ట్యూబులు మాత్రం వేయించుకోండి, మీ రిమ్ములు పాతకాలంవి కదా," అన్నాడు. "రెండు చాలవా?" అని నాన్న అడిగాడు. ఆయన తల అడ్డంగా ఊపాడు. ముందు రేడియల్, వెనక క్రాస్‌ప్లై ఉంటే మలుపులో వెనక భాగం ముందు జారుతుంది. హెరాల్డ్‌కి అసలే వెనక స్వింగ్ యాక్సిల్. గట్టిగా తిప్పితే చక్రం లోపలికి మడుచుకోవాలని చూస్తుంది. మలుపులో బ్రేకు తొక్కొద్దని తాతయ్య నాన్నకి నేర్పింది అందుకేనని నాకు అప్పుడే తెలిసింది.

"మీటరు రెండు ఎక్కువ చూపిస్తుంది," అన్నాను.

"ఈ వయసులో రెండు తక్కువ వెళ్తే మంచిదేలే," అని నాన్న జేబులోంచి పర్సు తీశాడు. స్టెప్నీతో కలిపి అయిదు.

తిరిగొచ్చేటప్పుడు నాన్నే నడిపాడు. స్టీరింగ్ పార్కింగ్‌లో కాస్త బరువైంది, రోడ్డు మీద మాత్రం తిన్నగా పోతోంది. సామర్లకోటలో కుమారారామం గుడి దగ్గర కారాపి, నిమ్మకాయలు కొని, నాలుగు చక్రాల కింద తనే పెట్టాడు. తొక్కించాక కిందికి దిగి, వంగి, కొత్త టైరు పక్కగోడ మీద ఏదో వెతికాడు.

"ఏ వారంరా ఇది?" అన్నాడు.

చదివి చెప్పాను. పాత టైర్లలో మూడు షాపులోనే వదిలేశాం. నాలుగోది డిక్కీలో వేసుకొచ్చాం. అమ్మ అందులో మట్టి పోసి బచ్చలి తీగ పెట్టింది. నంబరున్న వైపు పైకి ఉంది.