డ్రిల్లు పీరియడు

పరీక్షలు దగ్గరపడితే ఆటల పీరియడును వ్యాకరణానికి లాగుకొన్న తెలుగు పండితుడను నేను. మా డ్రిల్లు మాస్టారు మారుమాటాడక బంతిని బీరువాలో పెట్టేసేవారు.

హైదరాబాదీయుడైన సయ్యద్ అబ్దుల్ రహీం గారి జీవితం చదివిన పిమ్మట ఆ మౌనం నన్ను బాధిస్తున్నది. ఆయనా బడిపంతులుగా పనిచేసినవారే. ఆయన శిక్షణలో భారత ఫుట్‌బాల్ జట్టు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం పొందింది. క్యాన్సరు దేహాన్ని తినివేస్తుండగానే, 1962 జకార్తా తుదిపోరులో దక్షిణ కొరియాను 2-1తో ఓడించిన జట్టును తీర్చిదిద్దారు. మరుసటి ఏడు జూన్‌లో కన్నుమూశారు. ఫుట్‌బాల్‌లో ఆసియా క్రీడల స్వర్ణం మనకు మళ్లీ రాలేదు.

పదకొండుగురిని ఒక్కటిగా కలపడమూ సంధికార్యమేనని ఆలస్యంగా తెలుసుకొన్నాను. క్షమాపణ అడుగుదామంటే మా డ్రిల్లు మాస్టారు లేరు. మిత్రులారా, అందుకే ఈ టపా.