పుచ్చకాయ తేలింది, చింతపిక్క మునిగింది

పుచ్చకాయ తెస్తే మీరు ఎక్కడ పెడతారు? మా ఫ్రిజ్‌లో పట్టదు. పట్టించాలంటే పెరుగు గిన్నె, పచ్చడి సీసాలు, మా ఆయన మందుల డబ్బా అన్నీ బయటికి రావాలి. అందుకని మా అమ్మ చేసినట్టే చేస్తాను. పెరట్లో నూతి పక్కన సిమెంటు తొట్టి ఉంది. పొద్దున్నే కాయని అందులో పడేస్తే మధ్యాహ్నానికి చల్లబడి ఉంటుంది.

ఒంటిపూట బడులు మొదలయ్యాక మా అమ్మాయి పిల్లలిద్దరూ బడి నుంచి నేరుగా మా ఇంటికే వస్తున్నారు. పెద్దదానికి 11, చిన్నాడికి 7. మొన్న చిన్నాడు అన్నానికి రాకుండా తొట్టి దగ్గరే నిలబడ్డాడు. కాయని రెండు చేతులతో నీళ్లలోకి నొక్కడం, వదలడం. అది చటుక్కున పైకి రావడం, నెత్తి మాత్రం బయటపెట్టి అటూ ఇటూ ఊగడం.

"అమ్మమ్మా, ఇదెంత బరువుంది?"

"5 కిలోల పైనే. మోసుకొచ్చిన మీ తాతయ్యని అడుగు."

"మరి మునగదేం?" అంటూ నిక్కరు జేబులోంచి చింతపిక్క తీశాడు. అష్టాచెమ్మాకని దాచుకున్నవి. నీళ్లలో వేశాడు. బుడుంగున అడుక్కి పోయింది. వాడు నా మొహంలోకి చూశాడు, నేనేదో మోసం చేసినట్టు.

మీరైతే ఏం చెప్పేవారు? నేను డిగ్రీలో కెమిస్ట్రీ వెలగబెట్టినదాన్ని. 'సాంద్రత' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. ఆ మాట అనేస్తే వాడు తలూపి అన్నానికి వచ్చేస్తాడు, అక్కడితో సరి. పైగా ఆ మాటతో ఒక చిక్కుంది. సాంద్రం అంటే చిక్కనిది అని కూడా అర్థం కదా. మరి నూనె నీళ్లకన్నా చిక్కగా ఉంటుంది, పోసి చూడండి, పైనే తేలుతుంది. మీగడ పాలకన్నా చిక్కన, అదీ పైనే కడుతుంది. చిక్కదనం వేరు, ఈ తేలడం మునగడం వేరు. ఆ తేడా తెలియకుండా పుస్తకంలో మాట ముందు పట్టుకున్న పిల్లలకి నూనె దగ్గర కాలు జారుతుంది.

'బరువు' అన్న మాటా అంతే. దూది బరువా ఇనుము బరువా అని అడిగితే అందరూ ఇనుమనే అంటారు. ఎంత దూది, ఎంత ఇనుము అని ఎవరూ అడగరు. చిన్నాడి పేచీ అంతా ఆ 'ఎంత' దగ్గరే ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది మా అత్తగారి ఇత్తడి సోల. మీ ఇంట్లో ఉందా? ఉంటే పాత సామాన్ల వాడికి వెయ్యకండి. మన పెద్దవాళ్లు గింజల్ని కాటా మీద కాదు, సోలతో, తవ్వతో, మానికతో, కుంచంతో కొలిచేవారు. కుంచెడు మినుములు ఎత్తిన చేతికి కుంచెడు మరమరాలు ఎత్తితే తేడా చెప్పక్కర్లేదు. కొలత అదే, బరువు వేరు. పిల్లలకి కావలసింది సరిగ్గా అదేనని నాకు అనిపించింది.

అటక మీంచి సోల దింపాం. చింతపండు పెట్టి పెద్దది దాన్ని తళతళలాడేట్టు తోమింది. వంటింట్లో బిళ్ల లాంటి కాటా ఉందిగా, కేకుల కోసం మా కోడలు కొనిపెట్టి వెళ్లింది, ఇన్నాళ్లకి పనికొచ్చింది. సోలెడు నీళ్లు తూస్తే 250 గ్రాములు. సోలెడు ఇసుక 400. సోలెడు మరమరాలు, అదే సీమ వాళ్లయితే బొరుగులంటారు, అంతా కలిపి 25. చిన్నాడు కాటా చెడిపోయిందన్నాడు. సోలని వాడి చేతిలోనే పెట్టాను. నమ్మాడు.

ఇక నేను చాప మీద బాసింపట్టు వేసుకుని సూత్రం చెప్పాను. సోలెడు నీళ్లకన్నా తక్కువ తూగింది తేలుతుంది, ఎక్కువ తూగింది మునుగుతుంది. మరమరాలు చెంబులో వేశాం, తేలాయి. ఇసుక వేశాం, మునిగింది. నాకు లోపల కాస్త గర్వం కూడా కలిగింది, మీ దగ్గర దాచడమెందుకు?

అప్పుడు పెద్దది బియ్యం తూచింది. సోలెడు బియ్యం 200 గ్రాములు.

"నీళ్లకన్నా తక్కువే కదా అమ్మమ్మా. మరి రోజూ నువ్వు బియ్యం కడుగుతావు, ఎప్పుడైనా తేలాయా?"

చూశారా, 35 ఏళ్లుగా బియ్యం కడుగుతున్న చెయ్యి ఇది. కడుగు వంచేటప్పుడు గింజలు అడుగునే ఉంటాయని నాకు తెలియదా? తెలుసు. అయినా సూత్రం చెప్పేటప్పుడు అది గుర్తు రాలేదు. "తర్వాత చెప్తాను, ముందు అన్నానికి రండి" అన్నాను. పెద్దవాళ్లం ఇరుక్కున్నప్పుడు అనే మాట ఇదొక్కటే కదా.

ఆ పూట నేను సరిగ్గా తినలేదు. మా ఆయన్ని అడిగితే పేపరు దించకుండానే "బియ్యం వేరు, నీళ్లు వేరు" అన్నారు. జవాబు చివరికి పెద్దదానికే దొరికింది. ఏమీ లెక్క కట్టలేదు, బియ్యం సోల కేసి ఊరికే చూసింది అంతే. "దీన్లో గాలి ఉంది" అంది. గింజకీ గింజకీ మధ్య సందులున్నాయి కదా, మనం సందుల్ని కూడా బియ్యం లెక్కలోనే కొలిచాం.

సందులు ఎంత ఉన్నాయో తేల్చాలి. మిక్సీతో పాటు వచ్చిన కొలత గ్లాసు తెచ్చి, నిండు సోల బియ్యంలో నీళ్లు సన్నగా పోశాం. మీరు కూడా ఒక్కసారి చెయ్యండి, బాగుంటుంది. నిండుగా ఉన్న పాత్ర ఇంకా ఇంకా తాగుతూనే ఉంటుంది. చిన్న చిన్న బుడగలు పైకొస్తాయి. మా సోల 105 మిల్లీలీటర్లు తాగాక అంచుకి తడి తేలింది. అంటే 250లో 105 గాలి, నిజం బియ్యం 145. ఆ 145 మిల్లీలీటర్ల జాగాలో నీళ్లే ఉంటే 145 గ్రాములు తూగేవి, బియ్యం 200 తూగింది. మునగక ఏం చేస్తుంది? పెద్దది నోటు పుస్తకంలో 200ని 145తో భాగించి 1.38 అని రాసుకుంది. సాంద్రత అన్న మాట అప్పుడు చెప్పాను. నీళ్లకి 1, బియ్యానికి ఇంచుమించు 1.4. మాట కన్నా ముందు దాని లెక్క చేతికి వచ్చింది కాబట్టి ఇద్దరూ పెద్దగా పట్టించుకోలేదు. నాకు కావలసింది అదే.

ఇక్కడ ఆర్కిమెడిస్ కిరీటం కథ చెప్పకపోతే మీరు ఊరుకోరు. 2,200 ఏళ్ల కిందటి సిరక్యూజ్ రాజు, బంగారంలో వెండి కలిపిన కంసాలి, స్నానాల తొట్టి, ఆయన బట్టల్లేకుండా వీధిన పడి పరిగెత్తడం. పిల్లలకి చివరిదే నచ్చుతుంది. ఆ కథని విట్రూవియస్ అనే రోమన్ రాసింది ఆర్కిమెడిస్ పోయిన దాదాపు 200 ఏళ్లకి. పొర్లిన నీళ్లు కొలిచి దొంగని పట్టాడంటే నమ్మడం కష్టమే. కిలో కిరీటంలో మూడో వంతు వెండి కలిపినా తేడా ఓ చిన్న గరిటెడు నీళ్లు దాటదు. గెలీలియో 22 ఏళ్ల వయసులో, 1586లో, ఇదే అనుమానపడి, నీళ్లలో ముంచి తూచే చిన్న త్రాసు గురించి రాశాడు. కథ ఎలా ఉన్నా పొర్లిన నీళ్ల సంగతి మాత్రం నిజం. మేమూ చేశాం. గంగాళం నిండా నీళ్లు పోసి, కింద పెద్ద బేసిను పెట్టి, పుచ్చకాయ మెల్లగా వదిలాం. కాయ 5 కిలోల 100 గ్రాములు, బేసినులో పడ్డ నీళ్లు 4 కిలోల 800. మిగతాది వంటింటి గచ్చు తాగింది, నేను గుడ్డ పట్టుకుని తుడిచాను. తేలే వస్తువు తన బరువంత నీళ్లని పక్కకి తోస్తుంది. అంత నీటిని తోసేసరికి కాయ ఇంకా పూర్తిగా మునగలేదు, అందుకే నెత్తి బయట.

మర్నాడు కోడిగుడ్డు. గ్లాసు మంచినీళ్లలో వేస్తే తాజా గుడ్డు అడుగున కూర్చుంటుంది. ఉప్పు వెయ్యండి, ఐదారు చెంచాలు పడుతుంది. మెత్తటి ఉప్పు వాడండి, నేను రాళ్లుప్పు వేసి పావుగంట తిప్పాను. కరుగుతూ ఉండగా గుడ్డు బద్ధకంగా కదిలి, నిలువుగా లేచి, పైకొచ్చింది. గుడ్డు మారలేదు, నీళ్లు మారాయి. తర్వాత చెంచా వీపు మీదుగా మంచినీళ్లు సన్నగా పోస్తే గుడ్డు గ్లాసు మధ్యలో వేలాడుతుంది. చిన్నాడు గ్లాసు వైపు ఊపిరి బిగబట్టి చూశాడు, ఊదితే పడిపోతుందేమోనని.

ఇది నాకు పుస్తకంలో తెలియలేదండోయ్. మా నాన్నగారు నారు పొయ్యడానికి ముందు చేసేవారు. పెద్ద తొట్టిలో ఉప్పు కలుపుతూ గుడ్డు వేసి చూసేవారు. గుడ్డు పావలా కాసంత మేర పైకి కనబడితే నీళ్లు కుదిరినట్టు. అప్పుడు విత్తనాల వడ్లు పోస్తే తాలు గింజలు, సగం నిండినవి పైకి తేలేవి. వాటిని జల్లెడతో తీసేసి, అడుగున ఉన్న బరువైన గింజల్ని మాత్రం రెండు మూడుసార్లు మంచినీళ్లతో కడిగేవారు, ఉప్పు మిగిలితే మొలక చెడుతుందని. తేలినవి మా కోళ్లకి. 'సాంద్రత' అన్న మాట మా నాన్నగారి నోట నేను ఎన్నడూ వినలేదు.

మూడో రోజు కర్ర మీద పడ్డారు. కర్ర తేలుతుందని చిన్నాడు ఢంకా బజాయించి చెప్పాడు. ఏటికొప్పాక బొంగరం వేశాడు, తేలింది. అంకుడు కర్ర కదా, తేలికే. నేను లోపలికెళ్లి బొమ్మల కొలువు పెట్టె తీసి, తిరుపతిలో కొన్న మరపాచి బొమ్మ తెచ్చాను. ఎర్రచందనం చేవ. వేస్తే రాయిలా అడుక్కి పోయింది. వాడు నమ్మలేక తీసి మళ్లీ వేశాడు, మళ్లీ మునిగింది. అసలు కర్ర పదార్థం ఏ చెట్టుదైనా నీళ్లకన్నా ఒకటిన్నర రెట్లు బరువే. లోపలి సన్న సన్న గొట్టాల్లో గాలి ఉండబట్టి తేలుతుంది. ఎర్రచందనంలో ఆ ఖాళీ తక్కువ. "బియ్యం సోల లాగా" అంది పెద్దది. నేను చెప్పలేదు సుమండీ.

ఇటుక మునుగుతుందని వేరే చెప్పాలా? కానీ ములుగు జిల్లా పాలంపేటలో, 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడి ఉంది చూడండి, 2021లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది, దాని శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలతాయి. లోపలంతా సన్నటి రంధ్రాలు. పైన భారం తగ్గాలని అలా కాల్చారు. రాతి గుడి నెత్తిన మరమరాల ఇటుక పెట్టినట్టన్నమాట. వేసవి సెలవుల్లో తీసుకెళ్తానని మాటిచ్చాను. ఇప్పుడు చిన్నాడికి గుడి మీద కన్నా ఆ ఇటుకని బకెట్లో వెయ్యడం మీదే ధ్యాస. వెయ్యనివ్వరురా అంటే వినడే.

స్టీలు గిన్నె ఎందుకు తేలుతుందన్న ప్రశ్న కూడా వచ్చింది. దాని జవాబు మీకిప్పుడు తెలిసే ఉంటుంది, గిన్నెలో ఉన్న గాలిని కూడా లెక్కలో కలపాలి. చపాతీ పిండితో పడవ చేసి చూపిద్దామనుకున్నాను గానీ పిండి నాని పడవ కాస్తా జావ అయింది. బంకమట్టి తెచ్చుకోండి.

ఒక మాట మాత్రం పట్టుకోండి. వేసే ముందు ప్రతి వస్తువూ పిల్లల చేతికిచ్చి, "తేలుతుందా, మునుగుతుందా?" అని అడగండి, వాళ్లు చెప్పింది కాగితం మీద రాయండి. తప్పు చెప్తే ముఖం చిట్లించకండి, మనం చెప్పిన తప్పులు కూడా అదే కాగితం మీద రాయించండి. మా కాగితం మీద నా పేరు కింద బియ్యం ఉంది. కమలాపండు కూడా. ఒలవకుండా వేస్తే తేలుతుంది, ఒలిచి వేస్తే మునుగుతుంది, తొక్క లోపలి తెల్లటి బెండులో ఉన్న గాలే దాని తెప్ప. ఒలిస్తే బరువు తగ్గి ఇంకా బాగా తేలుతుందని నేను అన్నాను.

పుచ్చకాయ మొదటి రోజు సాయంత్రమే కోశాం లెండి. తొట్టిలో రోజంతా నొక్కించుకున్నా తియ్యగానే ఉంది. తింటూ గింజలు చెంబులో ఉమ్మమన్నాను. చెంబులో కొన్ని అడుక్కి పోయాయి, కొన్ని పైన తిరుగుతున్నాయి. చిన్నాడు తేలినవన్నీ వేలితో ఏరి పారేసి, మునిగినవి కడిగి, తాతయ్య తులసి కుండీలో గుచ్చాడు. తాతయ్యకి ఇంకా తెలియదు.