దుప్పటి మూల

ఇలా హీటరు దగ్గరికి జరిగి కూర్చోండి. సౌదీ అంటే ఎండా ఇసుకా అనుకుని, ఒక్క స్వెట్టరైనా లేకుండా దిగేవాళ్లను ఏటా చూస్తూనే ఉంటాం. మేముండే ఈ ఖమీస్ ముషైత్ కొండ మీది ఊరు, సముద్రమట్టానికి దాదాపు 2,000 మీటర్ల ఎత్తు. జనవరిలో రాత్రి డ్యూటీకి బయల్దేరితే బస్సెక్కేలోపే చెవులు చల్లబడిపోతాయి. పక్కనే అబ్హా, ఇంకా పైకి వెళ్తే సూదా కొండ, దారి పొడుగునా కోతులు. మన కోటప్పకొండ కోతుల్లా చిన్నవి కావు, మగవాటికి భుజాల మీద బూడిదరంగు జూలు ఉంటుంది. ఊరి పేరు సంగతి కూడా చెప్పనివ్వండి. ఖమీస్ అంటే గురువారం. గురువారం సంత జరిగే చోటు కనుక ఆ పేరొచ్చింది. ముషైత్ అన్నది ఇక్కడి షహ్రాన్ తెగ పెద్దల వంశం పేరు. మనకు సంతమాగులూరు, సంతనూతలపాడు లేవూ, అలాగే.

అల్లం టీ తీసుకోండి. ఇవాళ నాకు ఆఫ్. మధ్యాహ్నం ఊరి నుంచి అక్క కూతురు ఫోన్ చేసింది. ఇంటర్ బైపీసీ పాసయ్యింది, నర్సింగ్‌లో చేరుతుందట. "పిన్నీ, టౌన్లో ఆ అద్దాల బిల్డింగ్ కాలేజీలో చేరనా, నువ్వు చదివిన సిస్టరమ్మల దగ్గరే చేరనా?" అని అడిగింది. సిగ్నల్ పోతూ వస్తూ ఉంటే సగమే చెప్పగలిగాను. మిగిలిన సగం మీకు చెప్పుకుంటాను.

నేను చదివింది పల్నాడు వైపు ఒక పల్లెలో, కథోలిక కన్యస్త్రీలు నడిపే నర్సింగ్ స్కూల్లో. మిరప చేల మధ్య గుడి, గుడి పక్కన మఠం, మఠాన్ని ఆనుకుని అరవై మంచాల ఆసుపత్రి, దాని వెనక మా హాస్టలు. బ్యాచికి ఇరవై మందిమి. లైబ్రరీ అంటే రెండు బీరువాలు. మాది మూడేళ్ల పైచిలుకు జీఎన్ఎం, పక్క గదిలో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు, వరండా చివర కుట్టు మిషన్లు. అక్కడ చేరిన ప్రతి పిల్లా ఏదో ఒక పని చేతికి రావాలనే చేరింది. ఉద్యోగం కోసం చదివేది అసలు చదువేనా అని పెద్ద పెద్ద సభల్లో అడుగుతుంటారు. మిరప కోతకు వెళ్లొచ్చిన మా అమ్మ రాత్రంతా మండే చేతులను మజ్జిగ గిన్నెలో పెట్టుకుని కూర్చోవడం చూసిన నాకు ఆ ప్రశ్న ఎన్నడూ తట్టలేదు. చేతికొక పని, ఆ పనికొక గౌరవం. నాకు కావలసింది అదే, ఆ సిస్టరమ్మలు ఇచ్చిందీ అదే.

మొదటి నెలంతా మంచాలు వేయించారు. నిజంగా, మంచాలే! పరుపు దులపడం, దుప్పటి పరచడం, మూల మడిచి పరుపు కిందికి నెట్టడం. ఆ మడత నలభై అయిదు డిగ్రీల్లో కుదరాలి. దిండు గలీబు తెరిచి ఉన్న వైపు గుమ్మం వైపు ఉండకూడదు. మా ట్యూటరు సిస్టరుకు అప్పటికే అరవై దాటాయి, కొంగు నడుముకు దోపుకుని మంచం మంచానికీ వచ్చేది. దుప్పటి మూల దగ్గర ఒక్క వేలు పెట్టి లాగేది. ఊడి వచ్చిందా, మొత్తం తీసి మళ్లీ వేయాల్సిందే. ఏడుపొచ్చేది. ఒకరోజు ఆవిడ నన్నే ఆ మంచం మీద పడుకోబెట్టి, వీపు కింద దుప్పటిని కావాలనే ముడత పెట్టి, "గంటసేపు కదలకమ్మా" అంది. పావుగంటకే ఆ ముడత తాడులా ఒత్తుకోవడం మొదలైంది. పక్షవాతం వచ్చిన మనిషికి ఆ ఒత్తిడి తెలియదు, తెలిసినా తిరగలేడు, అక్కడే చర్మం కమిలి బెడ్ సోర్ మొదలవుతుంది. ఆవిడ ఇదంతా వివరించలేదు. నా అంతట నేనే లేచి దుప్పటి సరిచేసుకున్నాను.

చిన్న చోటు కావడం వల్ల జరిగేది ఇదే. ఇరవై మందిలో ఎవరి చెయ్యి వణుకుతుందో, ఎవరు సూది పట్టుకోగానే ఊపిరి బిగపడతారో, ఎవరు పొద్దున్న ఉప్మా తినకుండా డ్యూటీకి వచ్చారో ఆవిడకు తెలుసు. అయిదు గంటలకు గంట కొట్టేవాళ్లు. పూజ చేసుకునేవాళ్లం గుడికి వెళ్లేవాళ్లం. మా బ్యాచిలో ఇద్దరు ముస్లిం అమ్మాయిలుండేవారు, హిందువుల పిల్లలు సగానికి సగం ఉండేవారు, వాళ్లు ఆ సమయంలో చదువుకునేవారు. రంజాన్ నెలలో ఆ ఇద్దరి కోసం మెస్సులో తెల్లవారుజామునే పొయ్యి వెలిగించేవారు. ఇక్కడికొచ్చాక, వార్డంతా ఉపవాసంలో ఉండే నెలలో ఎప్పుడు ఏం చేయాలో నాకు ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది.

ఇక పల్లె ఆసుపత్రి నేర్పిన చదువు. ఆగస్టు, సెప్టెంబరు వస్తే పాముకాట్లు. మిరప, పత్తి కాలంలో పురుగుమందు కేసులు, పిచికారీ చేస్తూ పడిపోయినవాళ్లు కొందరు, అప్పులకు తాళలేక తాగినవాళ్లు కొందరు. నోటినిండా నురగ, చెమటలు, కనుపాప సూదిమొనంతవుతుంది. ముందు బట్టలు తీసి ఒళ్లంతా కడగాలి, మందు చర్మం గుండా కూడా లోపలికి పోతుంది కదా. ఆ తర్వాత అట్రోపిన్. ఊపిరితిత్తుల్లో తేమ ఆరే వరకూ ఇస్తూ పోవాలి, మోతాదు మించితే మనిషి కలవరిస్తాడు, గుండె పరుగెడుతుంది. మానిటరు లేదు. ఉన్నది మా చేతివేళ్లు, ఒక టార్చిలైటు, ఒక గడియారం. రాత్రి రెండు గంటలప్పుడు ఆ టార్చితో కనుపాప చూస్తూ, నాడి లెక్కపెడుతూ, పావుగంటకొకసారి కాగితం మీద రాస్తూ కూర్చున్న పద్దెనిమిదేళ్ల పిల్లను తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. ఇక్కడ మా ఐసీయూలో అన్నీ తెర మీద కనిపిస్తాయి. అయినా నేను వెళ్లగానే రోగి చెయ్యి పట్టుకుంటాను. చెయ్యి చల్లగా ఉందా, చెమట పట్టిందా అన్నది ఏ తెరా చెప్పదు.

ఈ సిస్టరమ్మల స్కూళ్లు మన దగ్గరికి ఎలా వచ్చాయో తెలుసా? నెదర్లాండ్స్‌లో పుట్టిన జేఎంజే సభ, అంటే యేసు మరియ యోసేపు సభ కన్యస్త్రీలు 1904లో గుంటూరు వచ్చారు. సెయింట్ జోసెఫ్ ఆసుపత్రి వాళ్లదే. 1920లో వాళ్ల దగ్గరికి మెల్‌బోర్న్‌లో చదివిన ఆస్ట్రేలియా డాక్టరొకావిడ వచ్చి చేరింది, పేరు మేరీ గ్లౌరీ. అయిదేళ్ల ముందు ఒక చిన్న పుస్తకంలో ఇండియాలో తల్లుల, పసిపిల్లల చావుల గురించి చదివి, అప్పటికే బాగా సాగుతున్న ప్రాక్టీసు వదులుకుంది. ఆ రోజుల్లో కన్యస్త్రీలు వైద్యం చేయకూడదని కథోలిక శ్రీసభ నిబంధన. ఆవిడకు పోపు పదిహేనో బెనెడిక్ట్ ప్రత్యేకంగా అనుమతి ఇచ్చాడు, ఆ నిబంధన అందరికీ సడలింది మాత్రం 1936లోనే. ఘోషాలో ఉండే ఆడవాళ్లు మగ డాక్టరు దగ్గరికి రానే రారు. ఒక్క డాక్టరమ్మ ఎన్ని ఊళ్లు తిరుగుతుంది? అందుకని చుట్టుపక్కల ఆడపిల్లలనే కూర్చోబెట్టి మందులు కలపడం, కాన్పు చేయడం, రోగిని చూసుకోవడం నేర్పింది. 1943లో గుంటూరులోనే కథోలిక ఆసుపత్రులన్నిటినీ ఒక సంఘంగా కూడగట్టింది. ఒక వైద్య కళాశాల పెట్టాలన్న ఆవిడ కోరిక 1963లో బెంగళూరులో సెయింట్ జాన్స్ రూపంలో తీరింది, అప్పటికి ఆవిడ పోయి ఆరేళ్లయింది. నా వరకు ఆ కళాశాల కంటే, మందులు కలపడం నేర్చుకున్న ఆ పేరు తెలియని పల్లెపిల్లలే ముందు గుర్తొస్తారు. మా ట్యూటరు సిస్టరుకు నేర్పినవాళ్లకు నేర్పింది వాళ్లే అయ్యుంటారు.

ఇంకా వెనక్కి వెళ్తే ఫిరంగిపురంలో పుట్టిన జ్ఞానమ్మ గారు ఉన్నారు. భర్త పోయాక, 1860లలో మద్రాసు దగ్గర కీళచ్చేరిలో ఆడపిల్లలకు బడి పెట్టిన తెలుగింటి తల్లి. ఆవిడ పేరు చెప్పుకునే సెయింట్ ఆన్స్ సిస్టర్లు ఇవాళ ఎన్ని పల్లెల్లో బళ్లు, ఆసుపత్రులు నడుపుతున్నారో గుంటూరు జిల్లా వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

మళ్లీ మా పిల్ల సంగతికి వద్దాం. అన్నీ మంచి మాటలే చెప్పి పంపిస్తే నేను పిన్నినే కాను. ఇక్కడ నర్సుగా పనిచేయాలంటే సౌదీ కమిషన్ ఫర్ హెల్త్ స్పెషాలిటీస్ లైసెన్సు కావాలి. దానికి ప్రోమెట్రిక్ పరీక్ష, సర్టిఫికెట్లు నిజమైనవో కావో తేల్చే డేటాఫ్లో. ఆపైన అసలు ముడి ఒకటుంది. జీఎన్ఎం డిప్లొమా వాళ్లను ఇక్కడ టెక్నీషియన్ అంటారు, బీఎస్సీ వాళ్లను స్పెషలిస్టు అంటారు. పక్కపక్క మంచాల దగ్గర అదే పని చేస్తాం, కాగితం మీద హోదా వేరు, జీతం వేరు. నేను ఆ తేడాను చాలా ఏళ్లు మోశాను. పల్నాటి పల్లెలో టార్చిలైటుతో నేర్చుకున్నది ఏ గడిలోనూ రాయడానికి చోటుండదు. అందుకే మా పిల్లకు గట్టిగా చెప్పాను, కుదిరితే నాలుగేళ్ల బీఎస్సీలో చేరు, కుదరక జీఎన్ఎంలో చేరితే ఆగిపోకుండా రెండేళ్ల పోస్ట్ బేసిక్ కూడా చెయ్యి అని.

ఏజెంట్ల మాట కూడా చెప్పాను. నా స్నేహితురాలు ఒకామె తల్లి పుస్తెలతాడు తాకట్టు పెట్టి ఒక ఏజెంటుకు డబ్బు కట్టింది. అతను ఫోన్ ఎత్తడం మానేశాడు. ఇలాంటివి భరించలేకే కేంద్రం 2015లో, గల్ఫ్ దేశాలకు నర్సులను ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలని నియమం తెచ్చింది. మనకు ఆంధ్రలో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ ఉన్నాయి, ముందు ఆ గుమ్మం తొక్కమన్నాను.

డేటాఫ్లో అంటే గుర్తొచ్చింది. వాళ్లు మనం చదివిన చోటికే ఉత్తరం రాసి అడుగుతారు, ఈ అమ్మాయి మీ దగ్గర చదివిందా అని. పెద్ద కాలేజీలో చదివిన నా రూమ్మేటు జవాబు కోసం నెలల తరబడి ఎదురుచూసింది. మా స్కూలు ఆఫీసంటే ఒక బల్ల, ఒక ఇనప బీరువా. వాళ్లు నాలుగు రోజుల్లో జవాబు పంపారు. తర్వాత తెలిసింది, రిటైరై మఠంలోనే ఉన్న మా ట్యూటరు సిస్టరు స్వయంగా పాత రిజిస్టరు దించి, కళ్లద్దాలు సర్దుకుని నా పేరు వెతికిందట. నాకు ఫోన్ చేయించి ఒక్క మాటే అడిగింది: "అక్కడ అన్నం దొరుకుతుందామ్మా?"

ఇక్కడ గుడి లేదు. 2013 నుంచి ఈ దేశంలో సెలవులు శుక్ర, శనివారాలు, కాబట్టి ఆదివారం అందరికీ పనిరోజే. నా జపమాల నా వేళ్ల మీదే. మొదటి క్రిస్మస్ రాత్రి డ్యూటీలో ఉన్నాను. తుంటి ఎముక విరిగిన ఒక ముసలావిడ, కొండల్లోంచి వచ్చిన మనిషి, తలగుడ్డలో రైహాన్ రెమ్మ దోపుకుని ఉంది. వాసన అచ్చం మన సబ్జా ఆకుదే, మా దొడ్లో పంపు పక్కన ఉండేది. "ఫీ అలమ్?" అన్నాను, నొప్పి ఉందా అని. ఆవిడ తల అడ్డంగా ఊపి, నా మొహం చూసి, "యా బింతీ" అంటూ ఆ రెమ్మలో సగం తుంచి నా చేతిలో పెట్టింది. బింతీ అంటే కూతురా అని.

ఇప్పుడు మా వార్డుకు ఇక్కడి అమ్మాయిలే ఇంటర్న్‌షిప్‌కు వస్తున్నారు. అబ్హాలో 1998లో కింగ్ ఖాలిద్ యూనివర్సిటీ పెట్టాక ఈ కొండపల్లెల ఆడపిల్లలకు చదువు దగ్గరైంది. వాళ్లలో ఒకమ్మాయి రిజాల్ అల్మా వైపు నుంచి వస్తుంది, నల్ల బుర్ఖా పైన తెల్ల కోటు. ఆ పిల్ల నాకు రుఫైదా గారి కథ చెప్పింది. ప్రవక్త కాలంలో మదీనా మసీదు దగ్గర గుడారం వేసి, యుద్ధంలో గాయపడినవాళ్లకు కట్లు కట్టిన తల్లి, ముస్లిం లోకానికి మొదటి నర్సు. నేను మా డాక్టరు మేరీ కథ చెప్పాను. గుంటూరు అన్న మాట దాని నోట్లో "గుంతూర్" అయింది.

నిన్న ఆ పిల్ల చేత మంచం వేయించాను. మూల మడిచింది, చక్కగానే ఉంది. నాకు తెలియకుండానే నా వేలు వెళ్లి దుప్పటి లాగింది. ఊడొచ్చింది. ఆ పిల్ల నా మొహం చూసింది. నేనేమీ అనలేదు. మొత్తం తీసి మళ్లీ వేసింది. రెండోసారి లాగితే రాలేదు. "ఇది నీకెక్కడ నేర్పారు సిస్టర్?" అంది. ఊళ్లో, అన్నాను. "నాదీ ఊరే," అంది.

టీ చల్లారిపోయింది, ఉండండి, ఇంకో కప్పు పెడతాను. రేపు పొద్దున్నే మా పిల్లకు మళ్లీ ఫోన్ చేయాలి. ఏ కాలేజీ అయినా సరే, ఫీజు కట్టకముందు దాని ఆసుపత్రిలో కాన్పుల వార్డుకు వెళ్లి ఒక పూట కూర్చోమనాలి. మంచాల మీద మనుషులున్నారో, ఖాళీ మంచాలే ఉన్నాయో చూడమనాలి. ఎవరైనా పెద్దావిడ వచ్చి పిల్లల చేతులు గమనిస్తుంటే, ఆవిడ పేరు కనుక్కుని నాకు చెప్పమనాలి.