అరువు గొంతులు

ఆ రోజుకి మేమిద్దరం మాట్లాడుకోక మూడ్రోజులైంది. కారణం చెబితే నవ్వుతారు, వదిలేయండి. ఇంట్లో ఏదో ఒక చప్పుడుండాలి కదా అని లాప్‌టాప్‌లో ‘లె మిలియోఁ’ పెట్టాను. రెనె క్లేర్ తీసిన ఫ్రెంచ్ మ్యూజికల్ కామెడీ. 1931 నాటిది, అంటే మన ‘ఆలం ఆరా’ వచ్చిన ఏడాదే.

కథంతా ఒక పాత కోటు చుట్టూ. ప్యారిస్‌లో మిషెల్ అనే చిత్రకారుడు, పీకల్దాకా అప్పులు. డచ్ లాటరీలో మిలియన్ తగుల్తుంది. టికెట్ మాత్రం కోటు జేబులో ఉండిపోయింది. ఆ కోటేమో, అతను పెళ్ళాడబోయే బియాట్రిస్, పోలీసుల్నించి పారిపోతున్న ఓ ముసలి దొంగకి ఇచ్చేసింది. అప్పటికే మిషెల్ ఇంకో అమ్మాయితో సరసాలాడుతుంటే చూసి మండిపోయి ఉందిలెండి. అక్కణ్ణించి కోటు ఒక ఒపెరా గాయకుడి చేతికి. ఇక పరుగే పరుగు. అప్పులవాళ్ళు సైతం కోరస్ పాడతారు!

క్లేర్‌కి మొదట్లో టాకీలంటే అపనమ్మకం. అందుకేనేమో శబ్దంతో ఇంత చిలిపిగా ఆడుకున్నాడు. కోటు కోసం అందరూ కలబడుతుంటే మనకి వినిపించేది రగ్బీ మ్యాచ్‌లో ఈలలూ కేకలూ.

సగం చూస్తుండగా ఆయన వచ్చి సోఫా ఆ చివర కూర్చున్నాడు. సరిగ్గా ఒపెరా సీను అప్పుడే.

బియాట్రిస్ అక్కడే డాన్సరు. ఆమె, మిషెల్ స్టేజి మీద సెట్టు వెనకాల ఉండగానే తెర లేచిపోతుంది. కదలడానికి లేదు, నోరు విప్పడానికి లేదు. ముందు వైపు భారీకాయులైన గాయనీ గాయకులు ప్రేమ యుగళం అందుకుంటారు. కాసేపటి క్రితం దాకా ఒకర్నొకరు తిట్టుకున్నవాళ్ళే! వాళ్ళ పాటలో ఒక్క ముక్కా నిజం లేదు. అదే పాట వెనకున్న ఇద్దరికీ మాటలైపోతుంది. ఆమె మొహం తిప్పుకుంటుంది, వింటుంది, మెల్లగా కరుగుతుంది. పైనుంచి పనివాడొకడు గులాబీ రేకులు చల్లుతుంటాడు. రేకులూ డ్యూటీలో భాగమే. అయినా నాకు కళ్ళు చెమర్చాయి.

మనం మాత్రం తక్కువా? పెదాలొకరివి, గొంతొకరివి అయిన పాటల్తోనే కదా ప్రేమించడం నేర్చుకున్నాం. ‘సారీ’ అనే మాట మా ఇంట్లో ఇద్దరికీ నోరు తిరగదు. ఎవరైనా పాడిపెడితే బావుణ్ణు.

"ఆ లావుపాటావిడ భలే పాడింది," అన్నాడు ఆయన, స్క్రీన్ మీంచి చూపు తిప్పకుండా.

"ఊఁ."

"వెనక్కి జరిపి మళ్ళీ పెట్టు."

పెట్టాను.