డీమన్‌కి ఒక పేరు కావాలి

డీమన్ అన్న మాట వినగానే మా ఆపా "తౌబా తౌబా" అంది. కొడుకు కంప్యూటర్లో షైతాన్‌ని పెంచుతున్నాడనుకుంది పాపం. అది షైతాన్ కాదు. తెర మీద కనబడకుండా, వెనకాల తన పని తాను చేసుకుపోయే ప్రోగ్రాం. 1963లో అమెరికాలోని ఎంఐటీలో, ప్రాజెక్ట్ మ్యాక్‌లో పనిచేసేవాళ్లు ఆ మాట వాడారు. అంతకు చాలా ముందు మాక్స్‌వెల్ అనే సైంటిస్టు తన ఖయాల్‌లో ఒక చిన్న జీవిని తలుపు దగ్గర నిలబెట్టాడు. వేగంగా వచ్చే అణువుల్ని ఒకవైపు, నిదానంగా వచ్చేవాటిని ఇంకోవైపు పంపడం దాని డ్యూటీ. పేరు అక్కణ్నుంచి వచ్చింది. జిన్ అనుకున్నా పర్లేదు గానీ ఇబ్లీస్ మాత్రం కాదంటే అప్పటికి ఆపా శాంతించింది.

మా భాంజా రాసింది ప్రాక్సీ డీమన్. మన కంప్యూటర్ బయటి సర్వర్‌ని నేరుగా అడగదు, ప్రాక్సీకి చెబుతుంది. ప్రాక్సీ తన అడ్రసుతో వెళ్లి అడిగి, జవాబు తెచ్చి మన చేతిలో పెడుతుంది. దానికి పేరు కావాలి. పొట్టిగా ఉండాలి, ఇంకెవరూ వాడి ఉండకూడదు. చివర 'డీ' అక్షరం తగిలించడం పాత రివాజు: ఎస్ఎస్‌హెచ్‌డీ, హెచ్‌టీటీపీడీ అన్నట్టు. స్క్విడ్, ఎన్వాయ్ లాంటి మంచివి ముందే అయిపోయాయి.

ఖాసిద్ అన్నాను. గజళ్లలో ఆషిఖ్ ఉత్తరం మోసుకెళ్లేవాడు. కానీ ఖాసిద్ ఖత్ ఇచ్చి వస్తాడంతే, తన పేరు మీద మాట్లాడడు. దర్బాన్ గుమ్మం దగ్గరే ఆగిపోతాడు. నాయబ్ అంటే తహసీల్దారు ఆఫీసు గుర్తొస్తుంది. వకీల్ దగ్గర ఇద్దరం ఆగాం.

కోర్టు వకీల్ కాదు, నికాహ్ వకీల్. ఇద్దరు గవాహ్‌లను వెంటబెట్టుకుని దుల్హన్ దగ్గరికెళ్లి, ఇజాజత్ అడిగి, ఆమె మాటను ఖాజీ ముందుకు తెచ్చే పెద్దమనిషి. ప్రాక్సీ చేసేదీ అదే. గవాహ్‌ల బదులు లాగ్ ఫైలుంటుంది. ఒక్క తేడా. ప్రాక్సీ పాత జవాబుని దాచిపెట్టుకుని, మళ్లీ ఎవరైనా అడిగితే అదే ఇచ్చేయగలదు. అక్క ఖుబూల్ అంది కదా అని చెల్లి తరఫున కూడా అదే చెప్పే వకీల్‌ని ఏ జమాత్ ఊరికే వదిలిపెడుతుంది?

అల్-వకీల్ అల్లాహ్ సిఫాతీ పేరు కదా, బేఅదబీ అవదా అని ఆపా సందేహం. ప్రోగ్రాంని ఆపే కమాండ్ పేరు 'కిల్' అని ఆమెకి తెలిసిపోయింది మరి. 'అల్' లేకపోతే నల్లకోటు సాహెబ్ కూడా వకీలే అన్నాను. రహీం, కరీం లాంటివి మాత్రం వద్దన్నాను.

మా వాడి భయం వేరే. గొంతు తగ్గించి చెప్పాడు.

"ప్రాక్సీ అంటేనే ఏదో దాస్తున్నారనుకుంటారు మామూ. దాని మీద ఉర్దూ పేరు, కింద నా పేరు. జరూరతా?"

అద్దె ఇంటి కోసం ఫోన్లో సగం పేరే చెప్పిన కుర్రాడు వాడు. నా గుండె కలుక్కుమంది. వకాల్తా, జామీను, ఫిర్యాదు, దస్తావేజు లేకుండా తెలుగు కోర్టులో ఒక్క పూట గడుస్తుందా? "నీకెందుకురా వాడి వకాల్తా" అని పక్కింటాయన తిట్టినప్పుడు, అది అరబీ మాట అని ఎవరైనా ఉలిక్కిపడ్డారా? ఇంగ్లిష్ పేరు పెట్టినా కింద నీ పేరు మారదు కదా బేటా అన్నాను.

రెండు రోజులు ఏమీ మాట్లాడలేదు. మూడో రోజు స్పెల్లింగ్ పంచాయితీతో వచ్చాడు. ఉర్దూ మీడియం లెక్కన డబ్ల్యూ, రెండు ఈలు అన్నాను నేను. మన తెలుగోళ్లు పలికినట్టు వీ, ఒకే ఒక్క ఐ అన్నాడు వాడు. చివరికి వాడిదే నెగ్గింది. వీ-ఏ-కే-ఐ-ఎల్-డీ, ఆరక్షరాలు.