భయం ఎండకు కాదు, పెట్టెకు!

దుబాయి అనగానే "అమ్మో, ఆ ఎండలు!" అంటారు అందరూ. ఆ మాట విని మా అక్క నవ్వింది. "గద్వాల మే నెల ఎండ చూసినోళ్లకు అదొక లెక్కనా?" అంది. నిజమే, మన పాలమూరు వాళ్లకు ఎండ కొత్త కాదు. ప్రయాణం కట్టాక తెలిసింది, భయపడాల్సింది ఎండకు కాదు, మనం సర్దుకునే పెట్టెకని! మీలో ఎవరైనా బిడ్డల దగ్గరకో, టూరుకో బయల్దేరేటట్లుంటే పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

మేం ముగ్గురం అక్కచెల్లెళ్లం. అక్కది గద్వాల, నాది వనపర్తి, చెల్లెలిది నాగర్‌కర్నూల్. అక్క బిడ్డ దుబాయిలో ఉంటుంది. ఎన్నాళ్లనుంచో "రండమ్మా" అని పిలుస్తుంటే మొన్న జనవరిలో కదిలాం. మీరూ నవంబరు, మార్చి మధ్యలోనే పెట్టుకోండి. అక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల వరకు ఆరుబయట ఎండలో కూలీలతో పని చేయించకూడదని రూలే ఉంది. ఇక మన షికార్ల మాట చెప్పాలా?

ముందు పేరు చూసుకోండి

పాస్‌పోర్టుకు మహబూబ్‌నగర్ పోస్టాఫీసుకు వెళ్లాం. చెల్లెలు ఫారంలో తన పేరొక్కటే రాసి, ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసింది. మా బావగారు చూశారు గనుక సరిపోయింది. ఒక్క పేరే ఉన్న పాస్‌పోర్టుతో విజిట్ వీసాకు వెళ్తే చిక్కేనని 2022 నవంబరులో అక్కడివాళ్లు రూలు పెట్టారు. ఆధార్‌లో ఎలా ఉందో అలాగే, ఇంటిపేరుతో సహా రాయించుకోండి. పాత పాస్‌పోర్టయితే ఇంకా ఆరు నెలల గడువు ఉందో లేదో చూసుకోండి.

వంటింటి నుంచి వచ్చిన గండం

బయల్దేరే ముందురోజు ముగ్గురం మా ఇంట్లో చేరాం. కొత్తకోట మీదుగా హైవే ఎక్కితే శంషాబాద్‌కు సూటి దారి కదా. అక్క పెట్టె విప్పితే జొన్న కటక రొట్టెలు, పల్లీల పొడి, మురుకులు, కుడుకలు, కిలో మాంసం మసాలా! అంతలో బిడ్డ ఫోన్ చేసింది. "చిన్నమ్మా, అమ్మ మసాలాలో గసాలు వేసిందా?" అని అడిగింది. వేయకుండా ఉంటుందా? "అయ్యో, తేవద్దు! ఇక్కడ గసాలు నిషేధం. మత్తుమందు కిందే లెక్క. దొరికితే జైలే" అంది.

అక్క అట్లనే కూలబడింది. "నా చేతి కూర తినక ఎన్నాళ్లాయె బిడ్డ" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. నాకూ కడుపులో దేవినట్లయింది. ఆ ఫోన్ రాకుంటే ఏమయ్యేది?

ఆ మసాలా మా ఇంట్లోనే ఉండిపోయింది. రాత్రికి రాత్రే ధనియాలు, చెక్క, లవంగం, యాలకులు వేయించి, గసాలకు బదులు చిక్కదనం కోసం నువ్వులు, పల్లీలు వేసి మళ్లీ దంచాం. కుడుకలూ తీసేశాం. నూనె ఎక్కువ కాబట్టి త్వరగా అంటుకుంటాయని విమానం పెద్ద పెట్టెలో పెట్టనివ్వరు.

అప్పుడే అక్క మోకాళ్ల నొప్పుల గోళీలు కూడా చూశాం. స్ట్రిప్ మీద ట్రమడాల్ అని ఉంది. దానికీ, కోడీన్ ఉన్న దగ్గు మందుకూ అక్కడి ప్రభుత్వ అనుమతి ముందే తీసుకోవాలట. డాక్టరుకు ఫోన్ చేస్తే వేరే గోళీ రాసిచ్చారు.

ఇవి మరువకండి

* బీపీ, షుగర్ గోళీలు స్ట్రిప్పుల్లోనే ఉంచి, డాక్టర్ చీటీతో చేతి సంచిలో పెట్టుకోండి. డబ్బాలో ఒలుచుకోవద్దు.
* పచ్చళ్లు పెద్ద పెట్టెలో, పవర్ బ్యాంకు చేతి సంచిలో.
* అక్కడి ప్లగ్గుకు మూడు పలక పిన్నులుంటాయి. అడాప్టర్ కొనుక్కోండి.
* బయట తిరగడానికి నూలు చీరలే హాయి. నేను గద్వాల చీర కట్టాను, ఒళ్లంతా నూలు, అంచు పట్టు. మాల్స్‌లో ఏసీ చలికి శాలువా ఉండాలి.
* మెట్రో రైల్లో తినడం, తాగడం చేస్తే 100 దిర్హమ్‌ల జరిమానా. మురుకుల సంచి విప్పకండి! ఆడవాళ్లకు వేరే పెట్టె ఉంటుంది.
* మనకు 9 అయితే అక్కడ 7.30. ఇంటికి ఫోన్ చేసేటప్పుడు గుర్తుంచుకోండి.

828 మీటర్ల బుర్జ్ ఖలీఫా చూశాం, మెడలు నొప్పి పుట్టేదాకా. కానీ నాకు గుర్తుండిపోయింది మాత్రం మొదటిరోజు రాత్రి భోజనం. గసాలు లేని మసాలాతో అక్క కూర వండింది. అల్లుడు రెండోసారి అడిగి వేయించుకున్నాడు. బిడ్డ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "అచ్చం ఇంటి కూరలాగే ఉందమ్మా" అంది. అక్క ముఖం చూడాలి!

మీరూ బిడ్డకు ప్రేమగా ఏదైనా కట్టుకుపోండి. కాకపోతే పెట్టె మూసేముందు ఒక్క ఫోన్ చేసి అడగండి.